మీకు తెలుసా? స్కైలైట్‌లో గాజు పోదు, అంచులు పోతాయి

స్కైలైట్ కురుస్తోందని కబురు పెడితే వచ్చిన మేస్త్రి ముందు గాజు వంకే చూస్తాడు. ఇంటాయన కూడా గాజునే చూపిస్తాడు. నిజానికి ఆ గాజుకి ఏమీ అయి ఉండదు. ఫ్రాన్స్‌లోని షార్త్ర్ చర్చి కిటికీల్లో 12, 13 శతాబ్దాల నాటి రంగు గాజు ఇప్పటికీ నిలిచే ఉంది. అలాంటి పాత కిటికీల్లో కాలంతో పాటు అలిసిపోయేవి గాజు ముక్కల్ని కలిపి పట్టుకునే సీసపు పట్టీలు. మన మెట్ల మీది స్కైలైట్ సంగతీ అంతే. రబ్బరు, సిలికాన్, స్క్రూ, రేకు మడత ఎన్నాళ్లుంటే స్కైలైట్ అన్నాళ్లు.

అంకెలు కావాలంటే ఇవి: పద్ధతిగా బిగించిన రెండు పొరల గాజు స్కైలైట్‌కి 20 నుంచి 30 ఏళ్లు. యాక్రిలిక్ గుమ్మటాలు, పాలీకార్బనేట్ షీట్లు అయితే 10, మహా అయితే 15. చవక ఫైబర్ షీటు ఐదారేళ్లు నిలిస్తే గొప్ప.

ఇందులో ఏది ముందు పోతుందో తయారీదారులకు బాగా తెలుసు. డెన్మార్క్ కంపెనీ వెలక్స్ 1941 నుంచి పైకప్పు కిటికీలు చేస్తోంది. అమెరికాలో అది ఇచ్చే వారంటీ కాగితం చదివితే గుట్టు బయటపడుతుంది. గాజు జతకు 20 ఏళ్లు. కురవదన్న హామీకి 10. తెరిచే మోటారుకీ ఎండకి వేసే తెరకీ 5. కదిలే వస్తువుకి అన్నిటికంటే తక్కువ.

నీళ్లు ఏ పక్కన ఉన్నాయి?

స్కైలైట్ మీద తేమ కనపడగానే కంగారు పడక్కర్లేదు. ముందు నిచ్చెనెక్కి వేలితో రాసి చూడాలి.

వేలికి తడి అంటితే అది ఇంట్లో పుట్టిన ఆవిరి. న్యూజెర్సీలోనో షికాగోలోనో జనవరి పొద్దుట, బయట మంచు. లోపల ఒక పొయ్యి మీద ఇడ్లీ, ఇంకో పొయ్యి మీద సాంబారు, తలుపులన్నీ బిగించేశారు. వేడి ఆవిరి పైకి పోయి చల్లటి గాజుకి తగిలి బొట్లు కడుతుంది. అందులో ఒక బొట్టు జారి సోఫా మీద పడితే చాలు, రూఫింగు వాళ్లకు ఫోన్లు. అక్కడ కావలసింది కొత్త స్కైలైట్ కాదు, వంట చేసినంతసేపూ ఎగ్జాస్టు ఫ్యాను తిరగడం. చలికాలంలో ఇంటి తేమని 30, 40 శాతం మధ్య ఉంచగలిగితే చాలావరకు ఈ చెమట ఆగిపోతుంది. ఇడ్లీ మానమని ఎవరూ చెప్పరు గానీ, ఫ్యాను వెయ్యకపోతే రేపు బిగించే కొత్త స్కైలైట్ కూడా ఇలాగే చెమరుస్తుంది.

వేలికి తడి అంటలేదు, పైన కడిగినా పోలేదు, అయినా గాజు పాల రంగులో మసకగా ఉంది. అప్పుడు నీరు రెండు గాజుల నడుమ చేరిందన్నమాట. ఇది అసలు జబ్బు. రెండు పొరల గాజంటే మధ్యలో 12 నుంచి 16 మిల్లీమీటర్ల ఖాళీ ఉంటుంది. అందులో ఆర్గాన్ వాయువు నింపుతారు. నాలుగు అంచుల వెంటా బోలు పట్టీ ఒకటి తిరుగుతుంది. పరీక్షగా చూస్తే దానికి సూదిమొన అంత రంధ్రాలు కనపడతాయి. లోపల తేమని పీల్చే గుళికలు ఉంటాయి, మందుసీసాలో వేసే సిలికా పొట్లం లాంటివే. పట్టీకీ గాజుకీ మధ్య ముందు బ్యూటైల్ పూత, దాని వెనక సిలికాన్. రోజూ మధ్యాహ్నం ఎండకి లోపలి గాలి వ్యాకోచించి అంచుల్ని బయటికి తోస్తుంది, రాత్రి చల్లబడి లోపలికి లాగుతుంది. ఏళ్ల తరబడి ఇదే పని. ఎక్కడో వెంట్రుకవాసి సందు పడుతుంది. తేమ అందులోంచి వస్తూనే ఉంటుంది, గుళికలు పీలుస్తూనే ఉంటాయి. వాటికి ఇక చోటు లేదన్న రోజున మసక బయటపడుతుంది. కాబట్టి మసక కనపడిన రోజు అంచు పోయిన రోజు కాదు. అది అంతకు చాలా ముందే పోయింది.

దీనికి మందు ఉంది, అయితే అరకొర మందులు కూడా ఉన్నాయి. అమెరికాలో కొందరు గాజుకి చిన్న కన్నం పెట్టి లోపల ఆరబెట్టి మూత వేస్తారు. చూడ్డానికి తేటగా కనపడుతుంది, పోయిన ఆర్గాన్ మాత్రం తిరిగి రాదు. ఫ్రేము గట్టిగా ఉంటే గాజు జతని మాత్రం మార్చుకోవడం మేలు. ఫ్రేము చెక్క నల్లబడి, గోటితో నొక్కితే దిగబడుతుంటే మొత్తం మార్చాల్సిందే.

ఇక మూడో రకం. గాజు మీదా లేదు, నడుమా లేదు, ఫ్రేము కింద గోడ మూలన గోధుమ రంగు మరక. ఇది నిజంగా కురవడమే. అయినా నేరం స్కైలైట్‌దే అనుకోనక్కర్లేదు. ఎండ రోజున ఒకరు పైన గొట్టంతో నీళ్లు పెట్టాలి, ఒకరు కింద చూస్తూ ఉండాలి. ముందు స్కైలైట్‌కి దిగువన ఉన్న కప్పు మీద, తర్వాత పక్కల, తర్వాత ఎగువన, చివర గాజు మీద. ఒక్కోచోట పది నిమిషాలన్నా పట్టాలి. ఎక్కడ తడుపుతుండగా కింద చుక్క పడిందో తప్పు అక్కడే. ముందే పైనుంచి కుమ్మరిస్తే అన్నీ ఒకేసారి తడిసి ఏమీ తెలియదు.

షీటుకి ముందూ వెనకా ఉంటుంది

మన ఊళ్లలో స్కైలైట్ అంటే ఎక్కువగా స్లాబులో వదిలిన ఖాళీ, దాని మీద ఇనప గ్రిల్, గ్రిల్ మీద పాలీకార్బనేట్ షీటు. ఈ పదార్థాన్ని 1953లో జర్మనీలో బేయర్ కంపెనీలోనూ, అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్‌లోనూ విడివిడిగా కనుక్కున్నారు. సుత్తితో కొట్టినా పగలదు. ఎండకి మాత్రం లొంగిపోతుంది. అతినీలలోహిత కిరణాలు తగిలితే పచ్చబడి పెళుసెక్కుతుంది. అందుకే ఒక ముఖం మీద పల్చని రక్షణ పొర వేస్తారు. చాలా రకాలకు ఇది ఒకే పక్కన ఉంటుంది. ఏ పక్కన ఉందో షీటు మీది ప్లాస్టిక్ తొడుగు మీద అచ్చు వేసి ఉంటుంది. మన ఫ్యాబ్రికేషన్ కుర్రాళ్లు పని సులువని ఆ తొడుగుని కిందే చింపేసి, షీటు పైకి ఎక్కించి, తోచిన పక్కన బిగిస్తారు. తిరగబడిందంటే పదేళ్లు ఉండాల్సిన షీటు కొన్ని వేసవులకే పాత కాగితం రంగులోకి దిగుతుంది. బిగించే రోజున దగ్గర నిలబడి చూసుకోవాల్సింది ఈ ఒక్కటే.

ఒక్కటే అన్నాను గానీ ఇంకోటి కూడా ఉంది. స్క్రూ కన్నం. మూడు మీటర్ల పాలీకార్బనేట్ షీటు జనవరి తెల్లవారుజామున 15 డిగ్రీల దగ్గర ఉండి, మే నెల మధ్యాహ్నం 60 డిగ్రీలకు కాగితే దాదాపు 9 మిల్లీమీటర్లు పొడుగవుతుంది. కింద ఉన్న ఇనుము అదే వేడికి 2 మిల్లీమీటర్లు కూడా పెరగదు. మిగిలిన తేడా అంతా ఎక్కడికి పోవాలి? స్క్రూ చుట్టూ ఖాళీ ఉంటే అక్కడ సర్దుకుంటుంది. లేకపోతే షీటు ఉబ్బి టపటపమంటుంది, ఆ తర్వాత స్క్రూ దగ్గర సాలెగూడు చీలిక మొదలవుతుంది. అందుకే కన్నం స్క్రూ కంటే కొంచెం పెద్దదిగా వేసి, మీద రబ్బరు వాషరు పెట్టి, వాషరు నలిగిపోకుండా బిగించాలి. డ్రిల్లింగు మిషను ఆగేదాకా తిప్పడం మన వాళ్లకు పౌరుషం. అక్కడే షీటు ఆయుష్షు సగం పోతుంది.

సిలికాన్ దగ్గరా ఒక చిక్కుంది. ట్యూబు విప్పగానే ముక్కుకి వెనిగర్ వాసన కొడితే అది ఆరేటప్పుడు ఎసిటిక్ ఆమ్లం వదిలే రకం. చేపల తొట్టికి బాగుంటుంది. పాలీకార్బనేట్‌ని అది చీలికల పాలు చేయగలదు, సిమెంటు గట్టుకి సరిగా అంటదు. కొట్లో ‘న్యూట్రల్ సిలికాన్’ అని అడిగి తెచ్చుకోవాలి. ధర కొంచెం ఎక్కువ, వాసన తక్కువ.

లోపల గదులు గదులుగా ఉండే గుల్ల షీటు వేస్తే ఆ గొట్టాలు నీళ్లు జారే వాలు వెంటే ఉండాలి, చివర్లకి టేపు వెయ్యాలి. వెయ్యకపోతే రెండు వానాకాలాల్లో ఆ గొట్టాల్లో పచ్చటి నాచు, ధూళి, చీమల బారులు. వాటిని లోపలికి వెళ్లి కడిగే దారి లేదు. షీటు మంచిదే అయినా తీసి పారేయాల్సిందే.

ఫైబర్ షీటు పోయిందో లేదో చెప్పడానికి నిపుణులు అక్కర్లేదు. పైన అరచేత్తో రాస్తే సన్నటి పీచు గుచ్చుకుని దురద పెడితే జిగురు ఎండకి ఎగిరిపోయి గాజు పీచు పైకి తేలినట్టు లెక్క.

సూర్యుడు నడినెత్తిన ఉన్న రోజు

అమెరికా పత్రికల్లో స్కైలైట్ దక్షిణం వైపు పెట్టండి, చలికాలంలో వెచ్చగా ఉంటుంది అని రాస్తారు. అది వాళ్ల సూర్యుడికి సరి. న్యూయార్క్ ఉన్న అక్షాంశంలో సూర్యుడు ఏడాది పొడుగునా ఒక్కసారి కూడా నడినెత్తికి రాడు. హైదరాబాద్‌లో ఏడాదికి రెండుసార్లు వస్తాడు, మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 3 ప్రాంతంలో ఇంకోసారి. ఆ రోజు మధ్యాహ్నం నిలువు కర్రకి నీడే పడదు. ఆగస్టులో మబ్బులు కాస్తాయి. మేలో కాచేవాళ్లు లేరు. పడుకోబెట్టినట్టు బిగించిన స్కైలైట్ మీద ఆ ఎండ నిట్టనిలువుగా పడుతుంది. ఇల్లు కాగడం ఒక నష్టం, అంచుల్లోని రబ్బరూ సిలికానూ వేగిపోవడం రెండో నష్టం. చల్లటి దేశం అంకెల్ని ఇక్కడ యథాతథంగా నమ్మకూడదు అనేది అందుకే.

పాత ఫ్యాక్టరీల కప్పులు రంపపు పళ్ల ఆకారంలో ఎందుకుంటాయో గమనించారా? ఆ పళ్లలో నిలువుగా ఉన్న ముఖానికి గాజు పెట్టి దాన్ని ఉత్తరం వైపు తిప్పుతారు. వెలుగు వస్తుంది, ఎండ రాదు. ఇంటికీ అదే పనికొస్తుంది. మెట్ల గదిని నాలుగడుగులు పైకి లేపి, పైన స్లాబు మూసేసి, ఉత్తరం గోడకి గాజు పెట్టుకుంటే వాన నిలవదు, దుమ్ము పేరుకోదు, అంచు ఎక్కువ కాలం ఉంటుంది. హైదరాబాద్‌లో మే 9 నుంచి ఆగస్టు 3 దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు కొంచెం ఉత్తరానికే ఉంటాడు కాబట్టి చిన్న సన్‌షేడ్ కూడా కావాలి. బ్రహ్మస్థానంలో పైనుంచే వెలుగు పడాలని వాస్తు చెప్పేవాళ్లు దీనికి ఒప్పుకోరనుకోండి. అలాంటప్పుడు కనీసం చుట్టూ ఆరంగుళాల గట్టయినా కట్టించాలి. ఇంటి నడిమధ్య ఖాళీ అంటే స్లాబు మీది వాన నీళ్లు దాన్ని చుట్టుకునే తూము చేరాలి.

డాలస్ ఇళ్లకు వడగళ్ల లెక్క

అమెరికాలో స్కైలైట్ మార్చే రోజును ఎక్కువగా నిర్ణయించేది స్కైలైట్ కాదు, పైకప్పు. అక్కడి ఇళ్ల మీద తారు షింగిల్స్ ఉంటాయి, వాటికి 20 ఏళ్లో కొంచెం పైనో ఆయుష్షు. స్కైలైట్ పక్కల వెంట ఒక షింగిల్ వరస, దాని మీద ఒక రేకు ముక్క, మళ్లీ షింగిల్, మళ్లీ రేకు, ఇలా జడ అల్లినట్టు పైదాకా వెళ్తాయి. దాన్నే ఫ్లాషింగ్ అంటారు. షింగిల్స్ ఎత్తకుండా దాన్ని తియ్యడం కుదరదు. పైకప్పు కొత్తది వేయించి, ‘స్కైలైట్ బాగానే ఉంది కదా’ అని పాతది ఉంచేస్తే, నాలుగైదేళ్లకు అది కురిసినప్పుడు కొత్త కప్పునే చింపాలి. కప్పు వేసినవాళ్ల వారంటీ కూడా అక్కడితో చిక్కుల్లో పడుతుంది.

డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, అర్వింగ్‌లలో తెలుగువాళ్లు ఎక్కువ, వసంతకాలంలో వడగళ్లూ ఎక్కువే. వడగళ్లు పడ్డాక ఇన్సూరెన్సు డబ్బుతో కప్పు మార్చుకోవడం అక్కడ మామూలు సంగతి. దెబ్బ కనపడని స్కైలైట్‌కి ఇన్సూరెన్సు వాళ్లు పైసా ఇవ్వకపోవచ్చు. అయినా దాని వయసు 15 దాటితే సొంత డబ్బు పెట్టి అదే రోజు మార్పించుకోవడం లాభం. మనుషులు పైనే ఉన్నారు, కప్పు విప్పే ఉంది. మళ్లీ పిలిస్తే ఆ కూలీ అంతా రెండోసారి కట్టాలి.

పగిలితే ఎలా పగులుతుంది?

నెత్తి మీది గాజుకి ఇదే మొదటి ప్రశ్న. మామూలు గాజు కత్తుల్లా విరుగుతుంది. టఫన్డ్ గాజు చిన్న చిన్న పలుకులై రాలుతుంది, కానీ మొత్తం ఒక్కసారిగా రాలుతుంది. పైగా తయారీలో నికెల్ సల్ఫైడ్ నలుసు ఒకటి లోపల చిక్కుకుంటే ఎవరూ ముట్టుకోకుండానే, ఏళ్ల తర్వాత, ఉన్నట్టుండి పేలిపోవచ్చు. లామినేటెడ్ గాజులో రెండు పలకల మధ్య అంటుకునే పొర ఉంటుంది. పగిలినా ముక్కలు దాన్నే పట్టుకుని వేలాడతాయి. స్కైలైట్‌కి కింది పలక లామినేటెడ్ అయి ఉండాలి. ‘టఫన్డ్ వేశాం సార్, ఏనుగెక్కినా పగలదు’ అంటే నమ్మకండి. లామినేటెడ్ గాజు అంచుల దగ్గర తెల్లటి నురగలాంటి మరక లోపలికి పాకుతుంటే ఆ పొర విడిపోతోందని. అదీ మార్చే గుర్తే.

కోతులు, గాలిపటాలు

తెలంగాణ పల్లెల్లో షీట్ల ఆయుష్షు ఎండ కంటే ముందు కోతులు తేలుస్తాయి. గుంపుగా పిట్టగోడ మీంచి షీటు మీదకి దూకుతాయి, స్క్రూల దగ్గర పట్టు జారుతుంది. పైన కూడా జాలీ వేయించినవాళ్ల షీట్లే నిలుస్తున్నాయి.

సంక్రాంతికి గాలిపటం వెంట పరిగెత్తే పిల్లల సంగతి ఇంకా భయం. దుమ్ము పట్టిన షీటు స్లాబు రంగులోకి మారిపోతుంది, కాలు పడేదాకా తేడా తెలియదు. అమెరికాలో పనివాళ్ల భద్రత చూసే ఓషా సంస్థ నిబంధనల్లో స్కైలైట్‌ని కప్పులో ఉన్న రంధ్రంగానే లెక్కగడతారు. చుట్టూ కంచో మీద జాలీయో లాంటి రక్షణ ఏదో ఒకటి ఉండి తీరాలి. మన ఇళ్లలో దొంగల భయానికి వేసే ఇనప గ్రిల్ ఆ పని కూడా చేస్తోంది. కొత్త ఇంట్లో అందంగా లేదని దాన్ని తీయించేసే ముందు ఆలోచించుకోవాలి.

మార్చక్కర్లేని స్కైలైట్

రోమ్‌లోని పాంథియన్ గుమ్మటం నడినెత్తిన దాదాపు 9 మీటర్ల వెడల్పు గుండ్రటి ఖాళీ ఉంది. హాడ్రియన్ చక్రవర్తి కాలంలో కట్టారు, సుమారు 1900 ఏళ్ల నాటిది. దానికి గాజు లేదు, ఎన్నడూ లేదు. వాన లోపలే పడుతుంది. నేల కొంచెం వాలుగా ఉంటుంది, రాతి పలకల్లో సన్నటి రంధ్రాలున్నాయి, నీళ్లు వాటిలోంచి పోతాయి. మన గోదావరి జిల్లాల మండువా లోగిలి ఆలోచనా ఇదే. నాలుగు వైపుల చూరులూ నడిమికి కారతాయి, కింద రాతి గుంట, పక్కన తూము. రెండు చోట్లా కట్టినవాళ్లు వానని ఆపాలని చూడలేదు, దారి చూపించారు. అంచు లేదు కాబట్టి పోయేదీ లేదు. ఏసీ పెట్టుకునే రోజుల్లో ఇది కుదరదు, ఒప్పుకుంటాను.

అటు చివర బ్రెజిల్‌లో ఉబెరాబా పట్నం మెకానిక్ అల్ఫ్రెడో మోజర్ ఉన్నాడు. 2002లో కరెంటు కోతలు భరించలేక రెండు లీటర్ల ప్లాస్టిక్ సీసాలో నీళ్లు పోసి, నాచు పట్టకుండా రెండు మూతల బ్లీచు కలిపి, కప్పుకి కన్నం వేసి సగం పైకీ సగం కిందకీ బిగించాడు. ఎండ రోజున అది 40 నుంచి 60 వాట్ల బల్బంత వెలుగిచ్చింది. తర్వాత ఫిలిప్పీన్స్‌లో వేల ఇళ్లకు పాకింది. దానికీ సీసా కంటే, చుట్టూ వేసిన జిగురే కీలకం.

వయసు ఎక్కడ రాసి ఉంటుంది?

పాత ఇల్లు కొన్నవాళ్లకు స్కైలైట్ వయసు తెలియదు. రెండు పొరల గాజు అయితే మధ్యలో తిరిగే ఆ బోలు పట్టీ మీద టార్చి వేసి చదవండి. చాలా కంపెనీలు తయారైన నెలనో ఏడాదినో అక్కడ అచ్చు వేస్తాయి. వెలక్స్ తెరుచుకునే రకమైతే కిటికీ తెరిస్తే పైభాగంలో చిన్న లోహపు పలక మీద మోడలు, కోడు ఉంటాయి. మన ఫ్యాబ్రికేషన్ షాపు పనికి ఇవేవీ ఉండవు. కొత్తది వేయిస్తున్నప్పుడు గ్రిల్ లోపలి పక్క పెయింటుతో ఏడాది, షీటు మందం, కంపెనీ పేరు, వాడిన సిలికాన్ రకం రాయించి పెట్టుకోండి. పని ఏప్రిల్, మే నెలల్లోనే, గట్టు పొడిగా ఉన్నప్పుడు కానివ్వండి. తొలకరి పడ్డాక మేస్త్రీలు దొరకరు, దొరికినా తడి సిమెంటు మీద సిలికాన్ పట్టదు.